టికెట్ కొన్నోని మాటకు విలువ లేదా?

కొత్త సినిమా విడుదలైన రోజు పొద్దున హైదరాబాద్ ప్రసాద్స్ మల్టీప్లెక్స్ ముందర యూట్యూబ్ చానళ్ల పిల్లలు మైకులు పట్టుకొని వరుసగా నిలబడుతున్నారు. మొదటి ఆట విడవంగనే బయటికొచ్చిన ప్రతి మనిషినీ ఒక్కటే అడుగుతున్నారు. ‘అన్నా, సినిమా ఎట్లుంది?’ ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ సాగదీసిండని ఒకరు. పాటలు దండగని ఇంకొకరు. బ్లాక్‌బస్టర్, రాసిపెట్టుకోండని మరొకరు. పది గంటలు కాకముందే ఆ మాటలు ఆదిలాబాద్ నుంచి అమెరికా దాకా సెల్‌ఫోన్లలో తిరుగుతున్నాయి.

ఈ మాటలంటే ఇప్పుడు సినిమా పెద్దలకు భయం పట్టుకుంది. కోట్లు పెట్టి తీసిన సినిమాను పది సెకండ్ల మాటతో చంపుతున్నారని వాళ్ల బాధ. అందుకే మాట్లాడే నోర్లను ఎట్ల మూయించాలని చూస్తున్నారు. సినిమా చూసి అభిప్రాయం చెప్పుడు నేరమెట్లయితదని మేం అడుగుతున్నాం.

అసలు ఇది కొత్త అలవాటేం కాదు. యూట్యూబ్ పుట్టకముందే మన దగ్గర ‘టాక్’ ఉంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్ల ముందర మార్నింగ్ షో విడిచినంక చాయ్ హోటళ్లలో నడిచిన చర్చే ఆ సినిమా జాతకం చెప్పేది. అక్కడి నుంచి మాట ఉస్మానియా హాస్టళ్లకు పోయేది. సాయంత్రానికి బస్సెక్కి జిల్లాలకు చేరేది. తెల్లారి ఆఫీసు క్యాంటీన్లలో, బడి స్టాఫ్ రూముల్లో దాని మీదనే ముచ్చట. గోడల మీద పోస్టర్లు ఎన్ని వేసినా, ‘పోవచ్చురా’ అని దోస్తు చెప్పిన మాట మీదనే జనం టికెట్ కొన్నారు. సినిమా కంపెనీలు ఈ టాక్ మీదనే వంద రోజుల వేడుకలు చేసుకున్నాయి. మంచి టాక్ వచ్చినప్పుడు ప్రేక్షక దేవుళ్లన్న వాళ్లే, చెడ్డ టాక్ వచ్చినప్పుడు మనల్ని కుట్రదారులంటున్నారు.

నోరు మూయించే ప్రయత్నాలు పక్క రాష్ట్రాల నుంచే మొదలైనాయి. కేరళలో 2023లో ఈ పంచాయితీ హైకోర్టుకెక్కింది. కోర్టుకు సలహా ఇచ్చేందుకు నియమించిన న్యాయవాది 2024లో నివేదిక ఇస్తూ, సినిమా విడుదలైన 48 గంటల దాకా వ్లాగర్లు సమీక్షలు చేయొద్దని సూచించారు. తమిళనాడులో 2024 నవంబరులో నిర్మాతల మండలి ‘ఇండియన్ 2’, ‘వేట్టయన్’, ‘కంగువా’ సినిమాల పేర్లు చెప్పి, మొదటి రోజు థియేటర్ ఆవరణలోకి యూట్యూబ్ చానళ్లను రానీయొద్దని యజమానులను కోరింది. సమీక్షలను ఆపాలని వేసిన కేసులో మద్రాసు హైకోర్టు మరుసటి నెలనే కాదు పొమ్మంది. మన దగ్గర 2024 ఏప్రిల్‌లో ‘ఫ్యామిలీ స్టార్’ మీద దుష్ప్రచారం జరుగుతున్నదని పోలీసులకు ఫిర్యాదు పోయింది.

ఇంత భయం ఎందుకు? సినిమా వ్యాపారం నడిచే తీరే మారిపోయింది. వెనుకట ప్రింట్లు తక్కువ. ముందు పెద్ద పట్టణాల్లో ఆడి, ఆ తర్వాత తాలూకా కేంద్రాలకు, ఊర్ల టాకీసులకు వచ్చేది. మొదటి రోజు టాక్ అటూ ఇటూ ఉన్నా, పది రోజులకు అసలు విషయం తేలేది. బాగున్న సినిమా మెల్లగా లేచి నిలబడేది. ఇప్పుడు ఒకే రోజు వేల తెరల మీద వేస్తున్నారు. మొదటి మూడు రోజుల్లోనే పెట్టుబడి గుంజుకోవాలని చూస్తున్నారు. నెల తిరగకముందే సినిమా ఫోన్లోకి వచ్చేస్తున్నది. కాబట్టి శుక్రవారం పొద్దున మాట బయటపడితే ఆదివారం దాకా పెట్టుకున్న లెక్క చెడుతది. 48 గంటలు మాట్లాడొద్దంటే అర్థం ఏంది? వసూళ్లు అయిపోయేదాకా ఆగి, ఆ తర్వాత ఏమన్నా చెప్పుకొమ్మనే కదా!

ఇక టికెట్ల సంగతి. 2024 డిసెంబర్ 4 రాత్రి ‘పుష్ప 2’ బెనిఫిట్ షోకు టికెట్ మీద 800 రూపాయలు పెంచుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ రాత్రే సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావుబతుకుల్లో దవాఖాన పాలయ్యాడు. తాను ముఖ్యమంత్రిగా ఉన్నంతకాలం బెనిఫిట్ షోలు, ధరల పెంపులు ఉండవని అదే నెల అసెంబ్లీలో రేవంత్ రెడ్డి ప్రకటించారు. ఏడాది తిరగలేదు. 2025 సెప్టెంబరులో ‘ఓజీ’ ప్రీమియర్ టికెట్‌ను 800 రూపాయలకు అమ్ముకోనిచ్చారు. పెంపు వ్యవహారం మళ్లీ హైకోర్టు మెట్లెక్కింది. నిండు సభలో ఇచ్చిన మాటకే దిక్కు లేకపోతే సామాన్యుడు ఎవరికి చెప్పుకోవాలి?

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఆ ధరకు పోతే టికెట్లకే 3,200 రూపాయలు. పార్కింగు, పాప్‌కార్న్ దీని మీద అదనం. ప్రైవేటు బడి పంతులు జీతంలో ఇది ఎన్ని రోజుల కూలి? కూరగాయలు కొనేటప్పుడు వంకాయ పుచ్చు ఉందా అని తిప్పి చూస్తాం. చీర కొంటే రంగు పోతదా అని అడుగుతాం. సినిమా ఒక్కటే చూడకముందు పైసలు కట్టి తెచ్చుకునే సరుకు. బాగలేకపోతే వాపసు లేదు. అటువంటి సరుకు గురించి కొనబోయే పదిమందికి కొన్నవాడు చెప్పే మాట ఒక్కటే రక్షణ. దాన్ని కూడా తీసేస్తామంటే ఎట్ల?

అయితే మైకు ముందర పలికే ప్రతి మాటా అభిప్రాయమేనని మేం అనడం లేదు. తన హీరో సినిమాకు పొద్దున ఆరు గంటలకే జై కొట్టేవాడు, పక్క హీరో సినిమాకు చూడకుండనే సున్నా మార్కులు వేసేవాడు ప్రేక్షకుడు కాడు. వాడు జెండా మోసేవాడు. హీరో కులం చూసి, కుటుంబం చూసి, పార్టీ చూసి సినిమాను లేపేవాళ్లు, ముంచేవాళ్లు మన మధ్యనే ఉన్నారు. పైసలు తీసుకొని పొగిడేవాళ్లు, ఇవ్వకపోతే తిట్టేవాళ్లు ఉన్నారన్న ఆరోపణలు సినిమావాళ్ల నుంచే వినబడుతున్నాయి. ఆ పైసలు ఇచ్చేది ఎవరో కూడా వాళ్లే చెప్పాలె. అబద్ధపు ప్రచారం చేసినోని మీద కేసు పెట్టుకోవచ్చు, చట్టాలున్నాయి. వాని పేరు చెప్పి టికెట్ కొన్న లక్షలమంది నోరు కట్టేస్తామంటే మాత్రం ఒప్పుకోం.

మా అసలు ఫిర్యాదు వేరే ఉంది. ఈ మైకులు ఎవరి నోటి దగ్గర పెడుతున్నారు? నెక్లెస్ రోడ్డు పక్కన పొద్దున ఆటకు వచ్చిన నాలుగు వందల మంది మాటే తెలుగు ప్రేక్షకుల తీర్పు అయి కూసుంటున్నది. సిరిసిల్ల మరమగ్గం కార్మికుడు ఏమనుకున్నాడు? గోదావరిఖనిలో రాత్రి షిఫ్టు దిగిన బొగ్గుబాయి కార్మికుడు ఏమనుకున్నాడు? గద్వాలలో, ఉట్నూరులో డిగ్రీ చదివే ఆడపిల్లకు ఆ సినిమాలో ఆడవాళ్లను చూపించిన తీరు నచ్చిందా? వాళ్లను అడిగినోడు లేడు. వసూళ్ల లెక్కల్లో మాత్రం ‘నైజాం’ అని మొత్తానికి ఒక పేరు పెట్టి మన పైసలు లెక్కబెట్టుకుంటారు. మన మాటకు మాత్రం లెక్క లేదు.

ఈ మౌనానికి మనం చాలా కాలం ధర కట్టినం. 1985లో ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు కాశయ్య పాత్రలో తెలంగాణ యాస మాట్లాడితే హాళ్లు దద్దరిల్లినాయి. నటుడిగా ఆయన ప్రతిభకు వంక లేదు. కానీ ఆ తర్వాత జరిగింది ఏంది? మన యాస రౌడీకి, తాగుబోతుకు, నవ్వించే పనోనికి యూనిఫాం అయింది. హీరో, హీరోయిన్, నీతి చెప్పే తండ్రి మాత్రం మరో భాష మాట్లాడేవాళ్లు. మన పిల్లలు హాల్లో నవ్వి, కాలేజీకి పోయి తమ మాటను తామే దాచుకున్నారు. అంతకు ఐదేండ్ల ముందే, 1980లో, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాణంలో గౌతం ఘోష్ తీసిన ‘మా భూమి’ విడుదలైంది. సాయుధ పోరాటం నాటి పల్లె మాటతోనే గొప్ప సినిమా తీయొచ్చని అది చూపించింది. అయినా పరిశ్రమ ఆ దారిన పోలేదు. ఉద్యమ కాలంలోనే, మా భాషను ఎందుకు ఎక్కిరిస్తున్నరని ప్రేక్షకుడు గట్టిగ అడగడం మొదలైంది. ఆ అడుగుడు కూడా అభిప్రాయమే. రేటింగుల్లోకి రాని అభిప్రాయం.

అడిగినందుకు ఫలితం కనబడింది. 2016లో ‘పెళ్లిచూపులు’ హైదరాబాద్ పిల్లల మాటను ఉన్నదున్నట్టు తెర మీదికి తెచ్చింది. 2017లో ‘ఫిదా’లో బాన్సువాడ భానుమతి తెలంగాణ మాటలోనే కోపపడింది, ప్రేమించింది. ఆమె హీరోయిన్, జోకర్ కాదు. ఆ పాత్ర వేసిన సాయిపల్లవి తమిళనాడు అమ్మాయి అయినా యాస నేర్చుకొని సొంత గొంతుతో మాటలు చెప్పింది. జనం ఆ మాటలను ఇంటికి మోసుకుపోయారు. ఈ యాసకు ఆంధ్రలో మార్కెట్ లేదన్న వాళ్ల లెక్క అక్కడికక్కడే తప్పింది.

ఇక 2023 మార్చి 3న వచ్చిన ‘బలగం’ సంగతి మనకు తెలిసిందే. కమెడియన్‌గా పేరున్న వేణు యెల్దండి దర్శకుడు. పెద్ద హీరో లేడు. కథ ఒక ముసలాయన చావు, దినాలు, పిట్ట ముట్టకపోవుడు, నల్లి బొక్క కాడ మొదలైన బావ, బామ్మర్దుల పగ. ఇటువంటి సినిమాకు మొదటి రోజు మైకుల కాడ ఎవరు జై కొడతారు? మాట నెమ్మదిగా పాకింది. మూడు వారాలకు ఓటీటీలోకి వచ్చినంక కూడా ఆగలేదు. ఊరూరా పంచాయతీల కాడ, బడి మైదానాల్లో తెరలు కట్టి ఆడామగా కూసోని చూసినారు. చివర్ల పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాటకు ఊర్లకు ఊర్లు ఏడ్చినాయి. భూమి తగాదాతో మాటలు బందైన అన్నదమ్ములు సినిమా చూసి కలిసిపోయారని నిర్మల్ జిల్లా నుంచి వార్త వచ్చింది. దీనికి ఐదుకు ఎన్ని మార్కులు వేస్తారు? అందులో పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు 2025లో జాతీయ అవార్డు ప్రకటించారు. కానీ ఆ సినిమాకు తీర్పు అంతకు రెండేండ్ల ముందే ఊర్లు చెప్పినాయి.

ఇట్లనే గద్దర్ అవార్డుల సంగతి చూడండి. 2014 నుంచి 2023 దాకా పదేండ్లకు పది మొదటి ఉత్తమ చిత్రాలను 2025లో ప్రకటిస్తే, అందులో తెలంగాణ పల్లె బతుకు ఉన్నది ఒక్క ‘బలగం’ మాత్రమే. గద్దర్ పేరు మీద ఇచ్చే అవార్డు ఇది! మన మాట గట్టిగా వినబడకపోతే జ్యూరీలకూ వినబడదు.

మనం మనలను కూడా అడుక్కోవాల్సిన ప్రశ్నలున్నాయి. వరంగల్ నేల మీద నడిచిన కథతో వేణు ఊడుగుల తీసిన ‘విరాటపర్వం’ 2022 జూన్ 17న విడుదలై, రెండు వారాలకే జూలై 1న ఓటీటీలో కనబడింది. చేనేత తల్లుల భుజాల నొప్పి పోగొట్టే ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం జీవితం మీద 2019లో ‘మల్లేశం’ వచ్చింది. అటువంటి సినిమాలను సభల్లో మెచ్చుకున్నోళ్లలో ఎంతమంది మొదటి వారం టికెట్ కొన్నారు? పది మందికి ఎంతమంది చెప్పారు?

ఇంకొకటి. యాస తెర మీదికి వచ్చిందని మురిసిపోతే చాలదు. సింగరేణి పల్లె నేపథ్యంతో 2023లోనే వచ్చిన ‘దసరా’ పెద్ద విజయం సాధించింది. కానీ తెలంగాణ ఊరు అనంగనే పొద్దుగూకులు మందు, బూతు, కొట్లాటే చూపించే కొత్త అచ్చు ఒకటి తయారవుతున్నది. వెనుకట యాసను ఎక్కిరిస్తే కోపం వచ్చింది. ఇప్పుడు యాసలోనే మనల్ని తాగుబోతులను చేసి చూపిస్తే చప్పట్లు కొట్టాల్నా? దీని మీద ఊరోళ్లే మాట్లాడాలె. నచ్చింది అంటే ఎందుకు నచ్చిందో, నచ్చలేదంటే ఎందుకు నచ్చలేదో చెప్పాలె. ‘ల్యాగ్ ఉంది బ్రో’ అనే మాటతో ఆగిపోతే పరిశ్రమ కత్తెర పట్టుకొని పది నిమిషాలు కోస్తది. మనల్ని చూపించే తీరు మాత్రం మారదు.

అందుకే విద్యార్థులకు, ఉద్యోగులకు మేం చెప్పేది ఇదే. సినిమా చూసినంక మాట్లాడండి. హీరోను కాదు, కథను పట్టుకొని మాట్లాడండి. హాస్టల్‌ల కూసోని చర్చ పెట్టండి, జిల్లా పత్రికలకు ఉత్తరాలు రాయండి. బాగున్న చిన్న సినిమా వస్తే మొదటి వారమే పోయి చూడండి, నలుగురిని తోలుకపోండి. 2025 నవంబరులో ‘రాజు వెడ్స్ రాంబాయి’ని సింగిల్ స్క్రీన్లలో 99 రూపాయలకే చూపించారు, జనం ఆదరించారు. ధర తగ్గిస్తే మునిగిపోతామన్న వాళ్లకు అది జవాబు. ఇక ప్రభుత్వం సభలో చెప్పిన మాట నిలబెట్టుకోవాలె. ధరలు పెంచే జీవోలు ఆపాలె. 800 రూపాయలకు టికెట్ అమ్ముకుంటం గని మాట్లాడొద్దు అనేటోళ్లకు మా సమాధానం ఒక్కటే. మాట వద్దనుకుంటే మా పైసలు కూడా అడగకండి.