కెమెరా తర్వాత.. ముందు ఫిల్మ్ సంగతి చూడండి!

'అన్నా, పొలరాయిడ్ కెమెరా ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోంది. కొనేయనా?'

ఈ మధ్య ఆఫీసులో జూనియర్లు తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. వెంట ఓ ఫోటో కూడా పంపుతారు. డబ్బాలాంటి కెమెరా, ముందు భాగంలో రంగురంగుల చార. చూడ్డానికి ముద్దొస్తుంది, కాదనను. నేను తిరిగి అడిగేది మాత్రం ఒకటే. 'దాంట్లో ఏ ఫిల్మ్ పడుతుంది? ఆ ఫిల్మ్‌ని ఇప్పుడు ఎవరైనా తయారుచేస్తున్నారా?' చాలామంది ఈ రెండూ ఆలోచించరు. కెమెరా పనిచేస్తే చాలనుకుంటారు. ఇన్‌స్టంట్ ఫోటోగ్రఫీలో డబ్బులు పోయేది సరిగ్గా ఇక్కడే.

మామూలు రీలు కెమెరా అయితే ఈ బాధ లేదు. యాభై ఏళ్ల నాటి కెమెరాలోనైనా ఇవాళ్టి 35 ఎంఎం రీలు పడుతుంది. ఇన్‌స్టంట్ కెమెరా అలా కాదు. ఫోటో కడిగే రసాయనం, కాగితం, కొన్నింటికి బ్యాటరీ.. అన్నీ ఫిల్మ్ ప్యాక్‌లోనే ఉంటాయి. అంటే ల్యాబ్ మొత్తం ఆ ప్యాక్‌లోనే ఉందన్నమాట. మిగిలిన కెమెరా ఓ లెన్స్, ఓ మోటార్, రెండు రోలర్లు. ప్యాక్ తయారీ ఆగిపోయిందా, కెమెరా షోకేసులోకే!

కోటిన్నర కెమెరాలు.. ఒక్క తీర్పు

ఇదేదో భయపెట్టడానికి చెప్తున్నది కాదు, నిజంగానే జరిగింది. అమెరికాలో ఎడ్విన్ లాండ్ అనే ఆయన పొలరాయిడ్ కంపెనీ పెట్టాడు. 1943లో ఆయన మూడేళ్ల కూతురు 'ఇప్పుడు తీసిన ఫోటో ఇప్పుడే ఎందుకు చూడకూడదు?' అని అడగడంతో ఈ ఆలోచన మొదలైందని చెబుతారు. 1948లో మొదటి కెమెరా అమ్మకానికొచ్చింది. 1972లో ఎస్‌ఎక్స్-70 వచ్చింది. మడిచి కోటు జేబులో పెట్టుకునే కెమెరా అది. ఫోటో దానంతటదే బయటికొచ్చి, కళ్లముందే రంగులు తేలేది.

1976లో కొడాక్ కూడా ఈ రంగంలోకి దిగింది. తమ పేటెంట్లు వాడుకున్నారంటూ పొలరాయిడ్ కోర్టుకెక్కింది. 1986లో కొడాక్ ఈ వ్యాపారం నుంచే తప్పుకోవాల్సొచ్చింది. అప్పటికే కొడాక్ అమ్మిన ఇన్‌స్టంట్ కెమెరాలు కోటిన్నరకు పైనే. ఒక్కటీ పాడవలేదు. కానీ వాటికి ఫిల్మ్ లేదు. ఇవాళ్టికీ లేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని 'సపోర్ట్ ఆగిపోవడం' అంటాం. కాకపోతే ఇక్కడ పాత వెర్షన్‌తో ఎలాగోలా నెట్టుకొచ్చే దారి కూడా లేదు.

తర్వాత పొలరాయిడ్ వంతొచ్చింది. డిజిటల్ దెబ్బకి 2001లో దివాలా తీసింది. 2008 ఫిబ్రవరిలో ఫిల్మ్ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడేలో మిగిలిన ఫ్యాక్టరీని మూసేసే సమయంలో ఫ్లోరియన్ కాప్స్ అనే వ్యాపారవేత్త, అక్కడే పనిచేసిన ఆంద్రే బోస్మన్ కలిసి మిషన్లు తుక్కుకి పోకుండా కొన్నారు. పాత ఉద్యోగుల్లో కొందర్ని కూడగట్టి 'ఇంపాజిబుల్ ప్రాజెక్ట్' మొదలుపెట్టారు. మిషన్లయితే ఉన్నాయి గానీ, పాత రసాయనాల్లో చాలావరకు ఇక దొరకవు. ఫార్ములా మళ్లీ మొదట్నుంచీ తయారు చేసుకోవాల్సొచ్చింది. 2010లో మొదటి ఫిల్మ్ తెచ్చారు. బయటికొచ్చిన ఫోటోకి కాస్త వెలుతురు తగిలినా పాడయ్యేది. అయినా జనం కొన్నారు. ఆ కొన్న డబ్బుతోనే ఫిల్మ్ మెరుగైంది. 2017లో పొలరాయిడ్ బ్రాండు కూడా వీళ్ల చేతికే వచ్చింది. ఇప్పుడు పొలరాయిడ్ ఫిల్మ్ తయారయ్యేది ఆ ఎన్‌స్కెడే ఫ్యాక్టరీలోనే.

మీ అటక మీద ఉన్నది ఏది?

అమెరికా నుంచి వచ్చిన బాబాయో, పెద్దమ్మ కొడుకో ఎప్పుడో ఇచ్చిన పొలరాయిడ్ మన ఇళ్లలో కొన్నింట్లో ఇప్పటికీ అటక మీద ఉంటుంది. మీరు కొనబోయేదైనా, అటక మీదదైనా ముందు దాని జాతకం చూడాలి.

600 అని రాసి ఉంటే: అదృష్టవంతులు. మనం ఎక్కువగా ఫోటోల్లో చూసే డబ్బా కెమెరాలు ఇవే. 600 ఫిల్మ్ ఇప్పటికీ తయారవుతోంది. మొదటిసారి కొనేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

ఎస్‌ఎక్స్-70 అయితే: దీనికీ ఫిల్మ్ ఉంది, అదే పేరుతో. అయితే ఇది 600 కంటే దాదాపు నాలుగు రెట్లు తక్కువ సెన్సిటివ్. బాగా వెలుతురు కావాలి. 600 ఫిల్మ్ తెచ్చి దీంట్లో ఊరికే పెట్టేస్తే ఫోటో తెల్లగా వెలిసిపోతుంది.

స్పెక్ట్రా అని ఉంటే: ఎంత తక్కువకిచ్చినా వద్దు. దీని ఫిల్మ్ తయారీని 2019లో ఆపేశారు.

ఫోటో లాగి, పైపొర ఒలిచే రకం అయితే: పాత మడత కెమెరాలు, స్టూడియోల్లో పాస్‌పోర్ట్ ఫోటోలు తీసిన నాలుగు లెన్సుల కెమెరాలు ఈ కోవలోవి. వీటికి చివరిదాకా ఫిల్మ్ తయారుచేసిన పెద్ద కంపెనీ ఫ్యూజీ. ఎఫ్‌పీ-100సీ అనే ఆ ఫిల్మ్‌ని ఆపేస్తున్నట్టు 2016లో ప్రకటించింది. మిగిలిన పాత ప్యాకులు బంగారం రేటు పలుకుతున్నాయి.

కొడాక్ ఇన్‌స్టంట్ అయితే: పైన చదివారుగా. దణ్ణం పెట్టి పక్కన పెట్టండి.

ఇంకో మెలిక ఉంది. పొలరాయిడ్ కొత్త కెమెరాల కోసం ఐ-టైప్ అనే ఫిల్మ్ ఉంది. సైజు 600 లాగే ఉంటుంది, ధర కాస్త తక్కువ. చవగ్గా ఉంది కదా అని పాత కెమెరాకి కొన్నారో, లోపలికి చక్కగా వెళ్తుంది గానీ కెమెరా కదలదు. ఎందుకంటే ఐ-టైప్ ప్యాక్‌లో బ్యాటరీ ఉండదు. పాత కెమెరాలు కరెంటు తీసుకునేది ప్యాక్‌లోని బ్యాటరీ నుంచే. దీనికి రివర్స్‌లో, 600 ఫిల్మ్‌ని ఐ-టైప్ కెమెరాలో నిశ్చింతగా వాడొచ్చు.

'ఫిల్మ్ లేదు, టెస్ట్ చేయలేదు'

ఆన్‌లైన్‌లో అయినా, ఎర్రగడ్డ ఆదివారం సంతలో అయినా అమ్మేవాళ్లు చెప్పే మాట ఇది. బ్యాటరీ ఫిల్మ్ ప్యాక్‌లో ఉంటుంది కాబట్టి ఇందులో కొంత నిజం ఉంది. కానీ టెస్ట్ చేయడానికి కొత్త ఫిల్మ్ అక్కర్లేదు. అయిపోయిన 600 ప్యాక్ ఒకటి సంపాదించండి. ఫోటోలు అయిపోయినా బ్యాటరీలో కాస్త పవర్ మిగిలే ఉంటుంది. అది పెట్టి తలుపు మూస్తే మోటార్ గిర్రున తిరగాలి. బటన్ నొక్కితే షట్టర్ శబ్దం వినిపించాలి. ఫ్లాష్ ఉంటే వెలగాలి. తర్వాత తలుపు తీసి రోలర్లు చూడండి. ఎండిపోయిన పేస్ట్ అంటుకుని ఉంటే తడి బట్టతో తుడిస్తే పోతుంది. తుప్పు పట్టి ఉంటే మాత్రం వదిలేయండి. రసాయనాన్ని ఫోటో అంతటా సమంగా పరిచేది ఆ రోలర్లే మరి.

కెమెరాతోపాటు 'సీల్ తీయని పాత ఫిల్మ్ ఫ్రీ' అంటే మురిసిపోకండి. పాత పొలరాయిడ్ కంపెనీ ప్యాకుల్లో 10 ఫోటోలు ఉండేవి, ఇప్పటివాటిలో 8. పొలరాయిడ్ డబ్బా మీద 10 అని కనిపిస్తే అది 2008కి ముందుదని దాదాపు ఖాయం. ఆ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, పేస్ట్ ఎండిపోయి ఉంటుంది.

ఫిల్మ్ తెప్పించుకోవడం ఎలా?

మన దగ్గర తేలిగ్గా దొరికేది ఫ్యూజీ ఇన్‌స్టాక్స్ మినీ ఫిల్మ్. పొలరాయిడ్ ఫిల్మ్ అంత సులువుగా దొరకదు. ఆన్‌లైన్‌లో కనిపించినా ప్యాక్ మీద తయారీ తేదీ అడిగి ఫోటో తెప్పించుకోండి. తయారైన ఏడాదిలోపు వాడితేనే రంగులు బాగుంటాయి. విదేశాల నుంచి నేరుగా తెప్పిస్తే కొరియర్, కస్టమ్స్ సుంకం కలిపి లెక్కేసుకోవాలి.

ఇక మనవాళ్లందరికీ తెలిసిన దారి, అమెరికా నుంచి వచ్చే చుట్టాలు. పచ్చళ్లు అటు, ఫిల్మ్ ఇటు! అయితే ఒక మాట చెప్పి పంపండి. ఫిల్మ్‌ని చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టొద్దు, వాటిని స్కాన్ చేసే ఎక్స్-రే బాగా పవర్‌ఫుల్. చేతి బ్యాగులోనే ఉంచుకోవాలి. కొత్తరకం సీటీ స్కానర్ ఉన్నచోట చేత్తో చెక్ చేయమని మర్యాదగా అడగాలి.

ఇంటికొచ్చాక ఫ్రిజ్‌లో అడ్డంగా పడుకోబెట్టి ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. వాడే గంట ముందు బయట పెట్టండి. ఈ ఫిల్మ్‌కి హాయిగా ఉండేది 13 నుంచి 28 డిగ్రీల మధ్య. మన మే నెల మధ్యాహ్నం సంగతి చెప్పక్కర్లేదుగా! వేడెక్కితే ఫోటో పసుపు, ఎరుపు వైపు తిరుగుతుంది. అందుకే వేసవిలో పొద్దున్నే తీయండి, కెమెరాని కారులో వదిలేయకండి. ఫోటో బయటికి రాగానే బోర్లా పెట్టి, కలర్ అయితే పావుగంట ఆగండి. సినిమాల్లోలా ఊపొద్దు, దానివల్ల లాభమేమీ లేదు.

ఒక్కో క్లిక్కూ లెక్కే

అమెరికాలో 600 ప్యాక్ దాదాపు 20 డాలర్లు అనుకుందాం. అందులో 8 ఫోటోలు. అంటే ఒక్కోటి రెండున్నర డాలర్లు, మన లెక్కలో రెండొందలు దాటుతుంది. దారి ఖర్చులు అదనం. కాబట్టి కెమెరా బేరమాడేముందు, ఏడాదికి ఎన్ని ప్యాకులు కొనగలరో ఓ కాగితం మీద వేసుకోండి. నెలకి ఒక ప్యాక్ అన్నా, ఏడాది తిరిగేసరికి ఫిల్మ్ ఖర్చు కెమెరా ధరని ఎప్పుడో దాటేస్తుంది.

అంత వద్దనిపిస్తే సిగ్గుపడాల్సిన పనిలేదు. పాత కెమెరా మోజు తీరాలి, ఫిల్మూ దొరకాలి అంటే ఇన్‌స్టాక్స్ మినీ ఉంది. 1998లో వచ్చిన మొదటి మోడల్‌లో కూడా ఇవాళ దుకాణంలో కొన్న మినీ ఫిల్మ్ పడుతుంది. బ్యాటరీలు కెమెరాలోనే వేసుకుంటాం కాబట్టి టెస్ట్ చేయడమూ తేలికే.

మొదటి ప్యాక్‌ని తాతయ్య షష్టిపూర్తికి గానీ, అక్క పెళ్లికి గానీ దాచిపెట్టకండి. ఈ ఫోటోలకి నెగటివ్ ఉండదు, ఇంకో కాపీ ఉండదు. చెడితే మళ్లీ రాదు. ఆ ఎనిమిదీ ఇంట్లో, వీధిలో, రకరకాల వెలుతుర్లో తీసి కెమెరా తీరు తెలుసుకోండి. రెండో ప్యాక్ పట్టుకుని ఫంక్షన్‌కి వెళ్లండి. తీసిన ప్రతి ఫోటోనీ అదే రోజు ఫోన్‌తో స్కాన్ చేసి పెట్టుకోండి. అసలుది మాత్రం ఫోటోలో ఉన్నవాళ్ల చేతికే ఇచ్చి రండి.