న్యాక్ బృందం వెళ్లాక ఏం జరుగుతోంది?

కాలేజీలకు గ్రేడులిచ్చే జాతీయ మదింపు, గుర్తింపు మండలి (న్యాక్) బృందం తనిఖీకి వస్తుందంటే కాలేజీలో నెలల తరబడి ఫైళ్లు సర్దుతారు. గ్రేడు వచ్చాక అవి బీరువాలోకి చేరతాయి. 1994లో ఏర్పడిన న్యాక్ ఇస్తూ వచ్చిన గ్రేడు సాధారణంగా ఐదేళ్లు చెల్లుతుంది. ఆలోగా ఒక డిగ్రీ బ్యాచ్ చేరి, చదివి, బయటికి వెళ్లిపోతుంది. 1950లో జపాన్ ఇంజినీర్లకు పాఠాలు చెప్పిన నాణ్యతా నిపుణుడు డెమింగ్ పట్టుబట్టింది ఈ విషయం మీదే. సరుకు తయారయ్యాక చేసే తనిఖీతో నాణ్యత రాదు, పని జరిగే తీరులోనే అది ఉండాలి. కర్నూలు జిల్లా పత్తికొండ టమాటా రైతుకు ఇది కొత్త సంగతి కాదు. మార్కెట్‌లో కాయలు ఏరి గంపలకెత్తినంత మాత్రాన నాసిరకం మేలురకం కాదు, నారు పోసిన నాటి నుంచే చూసుకోవాలి. అంతా గ్రేడు మీదే ఆధారపడితే ఏమవుతుందో కూడా చూశాం. గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం మంచి గ్రేడు కోసం లంచాలు ఇచ్చిందన్న ఆరోపణపై 2025 ఫిబ్రవరిలో సీబీఐ న్యాక్ తనిఖీ బృందం సభ్యులను సైతం అరెస్టు చేసింది.

కాబట్టి నాణ్యత లెక్క తరగతి గదిలో, ప్రతి సెమిస్టర్‌లో మొదలుకావాలి. పత్తికొండ, ఆదోని ప్రాంతాల్లో వానలు ముఖం చాటేస్తే కుటుంబాలు గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. ఆ నెలల్లో హాజరు పడిపోతే రిజిస్టర్‌లో అది విద్యార్థి తప్పుగానే కనబడుతుంది. కారణం వెతికే కాలేజీ అయితే ఏ నెలలో, ఏ ఊళ్ల పిల్లలు, ఏ పేపర్‌లో వెనకబడుతున్నారో పట్టుకుంటుంది, తిరిగొచ్చిన వారికి పాఠాలు మళ్లీ చెబుతుంది. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీని ఇంగ్లిషు మీడియంలోకి మార్చారు. తెలుగులో ఇంటర్ చదివి వచ్చిన అమ్మాయి ఫిజిక్స్ తప్పితే, ఆమె ఆగింది ఫిజిక్స్ దగ్గరా, భాష దగ్గరా? మొదటి నెలలో చిన్న పరీక్ష పెడితే తెలిసే విషయమిది. మూడేళ్ల తర్వాత ఉత్తీర్ణత శాతం చూసి తెలుసుకుంటే ఆ అమ్మాయికి ఒరిగేదేమీ లేదు.

విద్యార్థి సరుకు కాదు, ఫ్యాక్టరీ సూత్రాలను చదువుకు అంటగట్టవద్దు అనేవారున్నారు. విద్యార్థి సరుకు కాదన్నది నిజం. అందుకే మెరుగుపరచాల్సింది బోధన, మూల్యాంకనం, ల్యాబ్, ఇంటర్న్‌షిప్ జరిగే తీరును. ఉద్యోగం దొరకడమొక్కటే చదువుకు కొలత అనేవారితో నేనూ ఏకీభవించను. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. ఖాళీలు నింపకుండా, గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొస్తూ, ఉన్నవాళ్ల మీదే మళ్లీ ఫారాల మోపు వేస్తారా? ఈ కోపం న్యాయమైనది, డెమింగ్ కూడా వీళ్ల పక్షానే ఉంటాడు. లోపాల్లో అత్యధిక భాగం వ్యవస్థవే తప్ప పనిచేసేవాళ్లవి కావనీ, సరిదిద్దే బాధ్యత యాజమాన్యానిదనీ ఆయన వాదించాడు. ప్రభుత్వ కాలేజీకి యాజమాన్యం ప్రభుత్వమే. కాబట్టి ఏ పోస్టు ఎన్ని నెలలుగా ఖాళీగా ఉంది, ఆ సబ్జెక్టులో ఎంతమంది తప్పారు అన్న లెక్కలు రెండూ కాలేజీ అంతర్గత నాణ్యతా హామీ విభాగం (ఐక్యూఏసీ) నివేదిక మొదటి పేజీలో పక్కపక్కనే ఉండాలి. ఆ పేజీని ప్రతి సెమిస్టర్ చివర తల్లిదండ్రులకు కనబడేలా నోటీసు బోర్డులో పెట్టాలి. అధ్యాపకులు నింపుతున్న మిగతా ఫారాల్లో సగం తీసేయాలి.