మ్యాచ్ ఎక్కడో, మనం ఎక్కడ?

మ్యాచ్ మన ఉప్పల్ స్టేడియంలో జరిగితే టిక్కెట్టు దొరకలేదని బాధ. అదే మ్యాచ్ లండన్‌లోనో బ్రిస్బేన్‌లోనో జరిగితే పదిమందితో కలిసి చూసే చోటు దొరకలేదని బాధ. మొదటి బాధకు నా దగ్గర మందు లేదు. రెండో బాధకు మాత్రం ఉంది, అదీ మన కాలేజీ ఆవరణలోనే ఉంది. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఇంగ్లండులో, వేల్సులో రగ్బీ అభిమానులకు ఈ బాధ తక్కువ. తమ జట్టు పరాయి ఊరికి ఆడటానికి వెళ్తే, వెంట వెళ్లలేనివాళ్లంతా దగ్గరలోని పబ్బులో చేరతారు. పబ్బంటే మన సినిమాల్లో చూపించే రంగుదీపాల గది కాదు. "పబ్లిక్ హౌస్" అన్న మాటను కుదిస్తే వచ్చింది ఆ పేరు. అంటే నలుగురి ఇల్లు. తాగుడు సంగతి పక్కనబెట్టి ఆ పేరులోని అర్థాన్ని మాత్రం మనం తీసుకోవచ్చు.

రగ్బీతో మనకేం పని అని నవ్వకండి. 2025 జూన్‌లో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో "హైదరాబాద్ హీరోస్" అని ఒక జట్టు ఉండింది. మ్యాచులన్నీ ముంబైలోనే జరిగాయి. మన ఊరి పేరు పెట్టుకున్న జట్టుకు ప్రతి మ్యాచూ పరాయి గడ్డ మీదే అన్నమాట. వాళ్లు ఆడుతుంటే పటాన్‌చెరులో ఎవరు, ఎక్కడ కూర్చుని చూడాలి?

పరాయి గడ్డ మీద మనవాళ్లు గెలవడం కొత్తేమీ కాదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాను ఆస్ట్రేలియాలోనే 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. రెండుసార్లూ జట్టును తీర్చిదిద్దిన గురువు హైదరాబాదువాసి సయ్యద్ అబ్దుల్ రహీం. రెండు జట్లలోనూ సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. కానీ ఇక్కడివాళ్లు వాటిని కళ్లారా చూసే యోగం లేదు. అప్పట్లో మన ఇళ్లలో టీవీ ఎక్కడిది?

ఆ తర్వాత టీవీ వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు "సైట్" అనే ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరుమ్మడి టీవీ ఒకటి, దాని ముందు నేలమీద పల్లె జనం. ఊరంతా ఒక పెట్టె ముందు చేరిన కాలం అది. ఇప్పుడు ఎవరి పెట్టె వారి జేబులోనే ఉంది. లాభమేమిటంటే ఎక్కడైనా చూడొచ్చు. నష్టమేమిటంటే ఒక్కరమే చూస్తాం. అదీ సరిగ్గా సాగదు. పక్క గదివాళ్ల ఫోన్ మన ఫోన్ కంటే అరనిమిషం ముందుంటుంది. మన తెరమీద బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టకముందే గోడ అవతల నుంచి "పోయిండ్రా!" అని కేక. ఇక చూసేదేముంది?

పటాన్‌చెరుకు ఇంకో చిక్కుంది. ఇది షిఫ్టుల ఊరు. సైరన్లు, బస్సులు, టిఫిన్ డబ్బాలు అన్నీ పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది అనే మూడు అంకెల చుట్టూ తిరుగుతాయి. విదేశీ మ్యాచులకు వాటి గడియారం వాటిది. ఆస్ట్రేలియాలో టెస్టు అంటే మనకు తెల్లవారుజాము, ఇంగ్లండులో అంటే మధ్యాహ్నం మూడున్నర, వెస్టిండీస్‌లో అంటే రాత్రి.

2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్ మనకు రాత్రి ఎనిమిదింటికి మొదలైంది. దక్షిణాఫ్రికా 30 బంతుల్లో 30 పరుగులు చేస్తే చాలన్న దశ నుంచి మనవాళ్లు 7 పరుగులతో గెలిచారు. చివరి ఓవర్ మొదటి బంతికి సూర్యకుమార్ బౌండరీ గీత దగ్గర ఆ క్యాచ్ పట్టేటప్పటికి సి-షిఫ్టువాళ్లు మిషన్ల దగ్గరున్నారు. 2025 ఆగస్టు 4, సోమవారం, ఓవల్ టెస్టు ఆఖరి రోజు. ఇంగ్లండుకు 35 పరుగులు కావాలి, మనకు నాలుగు వికెట్లు కావాలి. గంటలోపే తేలిపోయింది. చివరి వికెట్ తీసి 6 పరుగుల గెలుపు తెచ్చినవాడు మన మహ్మద్ సిరాజ్. ఆటో నడిపిన తండ్రి కొడుకు. 2020 నవంబరులో ఆ తండ్రి పోయినప్పుడు ఆస్ట్రేలియా టూర్‌లోనే ఉండిపోయి, 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీసిన మనిషి. ఆ సోమవారం ఏ-షిఫ్టు దిగిన కార్మికుడికి మధ్యాహ్నం రెండు నుంచీ ఖాళీయే. గదికి పోయి ఒక్కడే ఫోన్ చూసుకోవాలి. అంతకంటే వేరే చోటేదీ?

బార్లలో టీవీలున్నాయి. అక్కడ కూర్చోవాలంటే బిల్లు కావాలి. పైగా మన రాష్ట్రంలో ఇరవై ఒకటి నిండనివారికి మద్యం అమ్మకూడదు, మనలో సగం మంది అక్కడే ఆగిపోతారు. పర్మిట్ రూముల్లో నిలబడి తాగడమే గాని కూర్చుని చూడటం లేదు. కల్లు కాంపౌండులో బెంచీలున్నాయి, ముచ్చట్లున్నాయి; నిజానికి పబ్ అన్న మాటకు మన దగ్గర అదే దగ్గరి చుట్టం. కానీ టీవీ చూడటానికి అక్కడికి ఎవరూ పోరు. ఒక్క చాయ్ చెప్పి గంటలు గంటలు కూర్చోనిచ్చే ఇరానీ హోటల్ పద్ధతి తగ్గిపోయి, నిలబడి తాగి గ్లాసు పెట్టి పోయే చాయ్ బండ్ల కాలం వచ్చింది. ఒక హోటల్లో తెర బాగా పెద్దది. అయితే రెండో చాయ్ చెప్పకపోతే సర్వర్ వచ్చి టేబుల్ తుడవడం మొదలుపెడతాడు. ఆ తుడుపుకు అర్థం అందరికీ తెలుసు.

ఇవన్నీ మగపిల్లల తిప్పలు. మా ఆడపిల్లల సంగతి అడగండి. బారు లేదు, కాంపౌండు లేదు, చాయ్ బండి దగ్గర పదినిమిషాలు నిలబడితే చూపులు. హాస్టల్ టీవీ ముందు సీరియల్ చూసేవాళ్లకూ మ్యాచ్ చూసేవాళ్లకూ రోజూ పంచాయితీ. మేమూ సిరాజ్‌ను చూసి కేకలు వేస్తాం, కాకపోతే దిండు నోటికి అడ్డం పెట్టుకుని వేస్తాం.

పాశమైలారం, ఇస్నాపూర్ గదుల్లో ఉండే ఒడిశా, బిహార్ కార్మికుల సంగతీ అంతే. వాళ్లకూ మనకూ మధ్య భాష లేదు. కానీ వికెట్ పడితే ఎగిరి గంతేయడానికి ఏ భాష కావాలి? ఏళ్ల తరబడి ఒకే రోడ్డు మీద తిరుగుతూ ఒకరి పేరు ఒకరికి తెలియకుండా బతుకుతున్నాం. కలిసి కూర్చునే సందర్భం లేకనే ఈ పరాయితనం అని నేననుకుంటాను.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. మన కాలేజీకి హాలుంది, ప్రొజెక్టరుంది, సెమినార్లు లేని రోజుల్లో తాళముంది. ముఖ్యమైన విదేశీ మ్యాచ్‌లు ఏడాదికి ఐదారు ఎంచుకుని, ఆ రోజుల్లో విద్యార్థి సంఘం ఆ తాళం తీయించాలి. విద్యార్థులతో పాటు చుట్టుపక్కల కార్మికులను, వాళ్ల ఇంటివాళ్లను పిలవాలి. టిక్కెట్టు పెట్టకూడదు. ఇది మర్యాద కోసమే కాదు, చట్టం కోసం కూడా. 1957 కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ ప్రకారం, రుసుము తీసుకుని ప్రసారాన్ని జనానికి చూపించడం ప్రసార సంస్థ హక్కును ఉల్లంఘించడమే అవుతుంది. ముందు వరుసలు ఆడవాళ్లకు. చాయ్ ఎవరి డబ్బుతో వాళ్లు. పదిన్నర దాటితే మా హాస్టల్ పిల్లలను గేటు దాకా దింపే బాధ్యత సంఘానిది.

అభ్యంతరాలు నాకు తెలుసు. చదువు పాడవుతుందంటారు. ఏడాదికి ఆరు పూటలతో పాడయ్యే చదువు అంతకుముందే పాడై ఉంటుంది. బయటివాళ్లు వస్తే గొడవలంటారు. గేటు దగ్గర పేరు రాయించుకుని నలుగురు వాలంటీర్లు నిలబడితే ఆ భయం సగం తీరుతుంది. బెట్టింగ్ జరుగుతుందంటారు. ఈ ఒక్కటి గట్టి మాట. అయితే ఆ రోగం పెరిగేది తలుపేసుకున్న గదుల్లో, ఒంటరి ఫోన్లలో. లెక్చరర్లూ, పక్కింటి అక్కలూ, షిఫ్టు దిగి పిల్లాణ్ణి భుజాన వేసుకొచ్చిన అన్నలూ కూర్చున్న హాలులో దానికి చోటు తక్కువ.

సంఘం పెద్దలు ప్రతి ఏటా ఈ సావనీర్‌లో "సమాజంతో మమేకం" అని రాస్తుంటారు. మంచి మాటే. వచ్చే విదేశీ సిరీస్ తేదీలు చూసి, ప్రిన్సిపాల్ గారికి ఒక అర్జీ రాసి, హాలు తాళంచెవి అడగండి. మొదటి సంతకం నేను చేస్తాను.