అమెరికాలో అద్దె ఇల్లు కాలిపోతే సామాన్ల డబ్బు ఎవరిస్తారు? ఫ్లైట్ ఎక్కేముందే తెలుసుకోవాల్సిన విషయాలివే..

నేరేడ్‌మెట్: నేరేడ్‌మెట్, వినాయక్‌నగర్, సైనిక్‌పురి.. ఈ చుట్టుపక్కల పిల్లల్లో ఒకరైనా విదేశాల్లో ఉన్న ఇళ్లు చాలానే ఉంటాయి. ఆగస్టు సెమిస్టర్ దగ్గర పడితే చాలు.. పచ్చళ్లు, ప్రెషర్ కుక్కర్, సూట్‌కేస్ తూకం, ఫారెక్స్ కార్డ్, హెల్త్ ఇన్సూరెన్స్ అన్నీ రెండేసి సార్లు చెక్ చేస్తారు. కానీ అక్కడ దిగాక ఉండే అద్దె ఇంటికి ఇన్సూరెన్స్ ఉందా అని అడిగేవాళ్లు తక్కువ.

ఆ ప్రశ్న ప్రమాదం జరిగాకే గుర్తొస్తోంది. 2025 డిసెంబర్ 4న న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో ఇంటికి మంటలంటుకుని తెలంగాణ విద్యార్థిని ఒకరు చనిపోయారు. ప్రాణం పోతే ఏ పాలసీ తిరిగి తేలేదు. కానీ ఇలాంటి ప్రమాదాల్లో బతికి బయటపడ్డవాళ్లు కూడా కట్టుబట్టలతో రోడ్డు మీద నిలబడుతున్నారు. లాప్‌టాప్, సర్టిఫికెట్లు, బట్టలు.. ఏవీ మిగలవు. ఆ తర్వాత గోఫండ్‌మీ లింకులు, తెలుగు సంఘాల సాయం.

ఓనర్ ఇన్సూరెన్స్ మనకు రాదు

చాలామంది పొరపడేది ఇక్కడే. అపార్ట్‌మెంట్ ఓనర్ పాలసీ బిల్డింగ్‌కి మాత్రమే. లోపల ఉన్న మన సామాన్లతో దానికి సంబంధం లేదు. అద్దెకుండేవాళ్లు విడిగా తీసుకోవాల్సిందే రెంటర్స్ ఇన్సూరెన్స్. అమెరికాలో దీని ఖర్చు సాధారణంగా నెలకు 15 నుంచి 20 డాలర్లు. ఇందులో ప్రధానంగా మూడు ఉంటాయి. ఒకటి.. అగ్నిప్రమాదం, దొంగతనం, పైపు పగలడం లాంటి వాటిలో పోయిన సామాన్లకు పరిహారం. రెండు.. ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే హోటల్ ఖర్చులు. మూడు.. మన వల్ల పక్కవాళ్లకు నష్టం జరిగితే కట్టే లయబిలిటీ కవర్. ఇది చాలా పాలసీల్లో లక్ష డాలర్ల నుంచి మొదలవుతుంది.

ఈ మూడోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికా ఇళ్లలో అగ్నిప్రమాదాలకు మొదటి కారణం వంటేనని అక్కడి ఫైర్ సేఫ్టీ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ చెబుతోంది. పొయ్యి మీద నూనె మూకుడు పెట్టి ఫోన్‌లో పడితే కాలేది మన కిచెన్ ఒక్కటే కాదు. స్ప్రింక్లర్ నీళ్లకు కింది ఫ్లాట్ కూడా పాడవుతుంది. తప్పు మనదని తేలితే ఆ బిల్లు మన మీదకే వచ్చే అవకాశం ఉంది.

నెలనెలా కడుతున్నా.. కవర్ ఉండదు!

పాలసీ చూపించని వాళ్ల దగ్గర కొన్ని కాంప్లెక్స్‌లు అద్దెతో పాటు 'లయబిలిటీ వేవర్' పేరుతో ఫీజు తీసుకుంటాయి. బిల్లులో అది కనిపిస్తే ఇన్సూరెన్స్ ఉన్నట్టే అని పిల్లలు అనుకుంటారు. కానీ సాధారణంగా అది ఓనర్‌కి జరిగే నష్టం కోసమే. మన లాప్‌టాప్‌కి, మన హోటల్ ఖర్చుకి అందులో పైసా రాదు. దాదాపు అదే డబ్బుతో సొంత పాలసీ వస్తుంటే, ఇది కట్టడం వల్ల లాభం ఓనర్‌కే.

రూమ్‌మేట్స్ విషయంలోనూ ఇంతే. డబుల్ బెడ్‌రూమ్‌లో నలుగురు ఉంటే ఒకరి పాలసీ నలుగురికీ పనిచేయదు. భార్యాభర్తలైతే ఒకే పాలసీ సరిపోతుంది. స్నేహితులైతే పేరు చేర్పించాలి, లేదా ఎవరిది వాళ్లు తీసుకోవాలి.

బంగారం ఉంటే మరింత జాగ్రత్త

పెళ్లయి వెళ్లే అమ్మాయిల నగలకు ఈ పాలసీ చాలదు. దొంగతనం జరిగితే నగలన్నిటికీ కలిపి ఇచ్చేది సాధారణంగా 1,500 డాలర్ల వరకే. ఇవాళ్టి రేట్లకు అది ఒక్క నెక్లెస్‌కి కూడా సరిపోదు. ఎక్కువ కావాలంటే నగల వివరాలిచ్చి విడిగా కవర్ కొనాలి. ఆసియా కుటుంబాల ఇళ్లనే ఎంచుకుని దోపిడీలు చేయించిన ఓ మహిళకు 2019లో మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలు శిక్ష వేసింది. కాబట్టి ఇది ఉత్త భయం కాదు.

వరద వస్తే.. ఇక్కడో రూల్, అక్కడో రూల్

2020 అక్టోబర్ కుండపోతకు మల్కాజిగిరి వైపు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. 2021 ఏప్రిల్ 1 నుంచి మన దగ్గర అమల్లో ఉన్న 'భారత్ గృహ రక్ష' పాలసీలో వరద నష్టం మామూలుగానే కవర్ అవుతుంది. అద్దెకున్నవాళ్లు సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు కూడా. అదే అలవాటుతో అమెరికాలోనూ ఇంతే అనుకుంటే దెబ్బతింటారు. అక్కడ రెంటర్స్ పాలసీలో పైపు పగిలిన నీళ్లకు డబ్బు వస్తుంది, బయటి నుంచి వచ్చిన వరదకు రాదు. 2017లో హార్వే తుఫానుకు హ్యూస్టన్ యూనివర్సిటీలో సుమారు 200 మంది భారతీయ విద్యార్థులు చిక్కుకుపోయారు. వరదకు విడిగా పాలసీ కావాలి. ప్రభుత్వ వరద పాలసీ అయితే సాధారణంగా 30 రోజులు ఆగాకే అమల్లోకి వస్తుంది. తుఫాను హెచ్చరిక చూశాక కొంటే లాభం లేదు.

గల్ఫ్ వెళ్లే కార్మికుల లెక్క వేరు. వాళ్లు తీసుకునే ప్రవాసీ భారతీయ బీమా యోజనలో ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు ఇస్తారు. క్యాంపులో కాలిపోయిన సామాన్లకు మాత్రం అది వర్తించదు.

ఇవి చేసుకోండి

* లీజు మీద సంతకం పెట్టేముందు ఇన్సూరెన్స్ నిబంధన చదవండి. వేవర్ ఫీజు ఉంటే సొంత పాలసీ చూపించి తీసేయమని అడగండి.
* సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇంకా రాలేదా? అది లేకుండానే పాలసీ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి.
* పాత వస్తువుకి తరుగు తీసేసి ఇస్తారా, కొత్తది కొనే ధర ఇస్తారా అని అడగండి. మూడేళ్ల లాప్‌టాప్‌కి ఈ తేడా చాలా పెద్దది.
* డిడక్టిబుల్ ఎంతో చూడండి. అది 500 డాలర్లయితే, 400 డాలర్ల ఫోన్ పోయినా ఏమీ రాదు.
* గదిలోని సామాన్లన్నీ ఫోన్‌లో వీడియో తీసి, బిల్లులతో పాటు మెయిల్‌లో దాచుకోండి. క్లెయిమ్ రోజున అదే సాక్ష్యం.

ఏడాదికి అయ్యేది 180 నుంచి 240 డాలర్లు. లక్షల్లో ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని పంపే తల్లిదండ్రులు ఈ వారం వీడియో కాల్‌లో "తిన్నావా?" తర్వాత ఇంకో ప్రశ్న కూడా అడగాలి.. "ఇంటికి పాలసీ ఉందా, అది నీ పేరు మీదే ఉందా?"