కతర్‌గామ్ డాబా మీద చంద్రుడు

సూరత్‌లోని కతర్‌గామ్‌లో చాలామంది బతుకు వెలుతురుతో ముడిపడి ఉంది. వజ్రాలకు సానపట్టే పనివాడు భూతద్దం కంటికి ఆనించుకుని, రాయిలోకి వెళ్లిన కాంతి ఎటు తిరిగి వస్తుందో చూస్తాడు. రాయి విలువ తేల్చేది ఆ కాంతే. అలాంటి పేటలో ఎవరైనా టెలిస్కోప్ కొని డాబా ఎక్కితే, నాలుగు రోజులకే పుట్టే కోరిక ఒకటుంది: కంటికి కనిపించింది ఫొటో తీయాలని.

అందుకు కావలసింది పెద్దగా ఏమీ లేదు. డీఎస్ఎల్ఆర్ కెమెరా లెన్స్ తీసేయాలి. టెలిస్కోప్‌కు కన్ను ఆనించే ఐపీస్ కూడా తీసేయాలి. రెంటినీ టీ-రింగ్ అనే లోహపు వలయంతో, ఒక చిన్న గొట్టంతో కలపాలి. రింగుకు గొట్టం వైపున్న 42 మిల్లీమీటర్ల మర అందరికీ ఒకటే. కెమెరా వైపు మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. కెనాన్ రింగు నికాన్‌కు పట్టదు. బిగించాక టెలిస్కోపే కెమెరాకు లెన్స్. దాని నాభ్యంతరం 1,000 మిల్లీమీటర్లయితే సెన్సర్ మీద చంద్రబింబం సుమారు 9 మిల్లీమీటర్లు ఉంటుంది. మామూలు డీఎస్ఎల్ఆర్ సెన్సర్ ఎత్తు 15 మిల్లీమీటర్లు కనుక నిండు చంద్రుడు హాయిగా ఇముడుతాడు.

తంటా ఆ తర్వాత మొదలవుతుంది. చవక రకం అద్దపు టెలిస్కోపుల్లో చాలాసార్లు బింబం ఏర్పడే చోటికి సెన్సర్ చేరుకోలేదు, ఫోకస్ కుదరదు. మధ్యలో బార్లో లెన్స్ పెడితే కుదురుతుంది కానీ, బింబం రెట్టింపై చంద్రుడి అంచులు తెగిపోతాయి. బటన్ నొక్కిన వేలి అదురు చాలు, బొమ్మ చెదరడానికి. టైమర్ పెట్టి చేతులు కట్టుకోవడమే మేలు. కింది అంతస్తులో మరమగ్గాలు ఆడుతుంటే అవి ఆగే దాకా ఆగాలి. ఇక సూర్యుడి వైపు తిప్పితే, గొట్టం ముందువైపు సౌర ఫిల్టర్ ఉండి తీరాలి. లేకుంటే సెన్సర్ కాలిపోతుంది. కన్ను పెడితే కన్నే పోతుంది.

ఈ విద్య తెలుగు నేలకు కొత్త కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం కోసం గుంటూరు వచ్చిన మేజర్ టెనంట్ బృందం, 9 అంగుళాల అద్దమున్న టెలిస్కోప్‌తో ఫొటో పలకల మీద గ్రహణాన్ని పట్టింది. ఆరు నిమిషాలైనా లేని చీకట్లో ఆరు బొమ్మలు తీశారు. అదే ఊళ్లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల్లో హైడ్రోజన్ ఉందని తేల్చాడు. తర్వాత హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీ, ఆకాశం మొత్తాన్ని ఫొటోలతో పటం గీసే అంతర్జాతీయ పథకంలో తన వంతు పని చేసింది.

సూరత్‌కూ అలాంటి అవకాశం వచ్చింది. 2009 జూలై 22 ఉదయం సంపూర్ణ గ్రహణం నేరుగా ఈ ఊరి మీదుగా సాగింది. మూడు నిమిషాలు చీకటైంది. కానీ వానకాలపు మబ్బు సూర్యుణ్ని కప్పేసింది. కెమెరాలు ఎక్కుపెట్టినవారికి మిగిలింది నిట్టూర్పే.

మబ్బు ఇవాళ కాకపోతే రేపు పోతుంది. వీధి దీపాలు, హోర్డింగులు, ఫ్లడ్‌లైట్లు పైకి చిమ్మే వెలుతురు ఏ రాత్రీ పోదు. పాలపుంతను పట్టాలంటే నిమిషాల తరబడి కాంతిని పోగు చేయాలి. నగరంలో ఆ నిమిషాల్లో పోగయ్యేది దీపాల కాంతే. ఎంత ఖరీదైన కెమెరా బిగించినా దీనికి పూర్తి విరుగుడు లేదు. చీకటి ఒకరు కొనుక్కోగల సరుకు కాదు, మంచినీళ్లలాగే అది ఊరుమ్మడి వ్యవహారం. లద్దాఖ్‌లోని హాన్లే చుట్టూ 22 కిలోమీటర్ల మేర చీకటిని కాపాడే రిజర్వును 2022లో ప్రకటించారు. సూరత్‌ను హాన్లే చేయమని ఎవరూ అడగరు. దీపానికి పైన మూత వేసి వెలుతురును రోడ్డు మీదికే మళ్లించడం, అర్ధరాత్రి దాటాక హోర్డింగులు ఆర్పడం కార్పొరేషన్ చేయగల పనులే. వాటితో కరెంటు కూడా ఆదా.

అంతదాకా చంద్రుడున్నాడు. దీపాల వెలుతురు ఆయన్ను పెద్దగా బాధించదు. తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చిన కుటుంబాలు సూరత్‌లో వేలల్లో ఉన్నాయి. కార్పొరేషన్ వారి పిల్లల కోసం తెలుగు మీడియం బడులు నడుపుతోంది. ఐపీస్ దగ్గర ఒకసారికి ఒక్క పిల్లకే చోటు. కెమెరాను టీవీకి కలిపితే చంద్రుడి మీది గుంతలను తరగతి మొత్తం ఒకేసారి చూస్తుంది. అందరూ మిర్రర్‌లెస్ కెమెరాలకు మళ్లుతున్న ఈ రోజుల్లో, బీరువాలో మూలపడిన డీఎస్ఎల్ఆర్‌కు ఇంతకన్నా మంచి ఉద్యోగం దొరకదు. అలా చూసిన పిల్లలు రేపు మిగతా నక్షత్రాలేవని అడిగితే, జవాబు చెప్పాల్సింది కార్పొరేషనే.