వ్యర్థాల సలహా మండలిలో చెత్త ఏరేవారికి స్థానం కల్పించాలి

నగరాల చెత్త దుస్థితిపై అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా 2000లో పురపాలక ఘనవ్యర్థాల నియమాలు వచ్చాయి. వాటి స్థానంలో 2016 ఏప్రిల్ 8న కేంద్రం ప్రకటించిన నియమాలు, తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంటివద్దే వేరుచేయాలని ఆదేశించడంతోపాటు, ప్రతి రాష్ట్రంలోనూ ఒక సలహా మండలి ఏర్పడి కనీసం ఆరు నెలలకొకసారి సమావేశమై, అమలును సమీక్షించి ప్రభుత్వానికి సలహా ఇవ్వాలని 23వ నియమంలో నిర్దేశించాయి. వేరుచేయడం గురించి ఇంటింటా ప్రచారం జరిగింది. మండలి గురించి విన్నవారు బహుకొద్దిమంది.

2016 నియమాల ప్రకారం పురపాలక శాఖ కార్యదర్శి అధ్యక్షత వహించే ఆ మండలి సభ్యులలో అధికభాగం అధికారులూ స్థానిక సంస్థల ప్రతినిధులే. చెత్త ఏరుకునేవారి తరఫునో, వ్యర్థాల నిర్వహణలోనో పనిచేసే స్వచ్ఛంద సంస్థకు ఒక స్థానం, రీసైక్లింగ్ పరిశ్రమకు మరొకటి దక్కాయి గాని, చెత్త ఏరి బతికే మనిషికి, డంపింగ్ యార్డు పక్కన కాపురముండే మనిషికి ప్రత్యేకించిన స్థానమే లేకపోయింది.

ఇది చిన్న లోపం కాదు. రీసైక్లింగ్, అంటే వాడి పారేసిన వస్తువును మళ్లీ ముడిసరుకుగా మార్చడం, పాత సామాన్ల కొట్టులో పలికే ధర మీద ఆధారపడి సాగుతుంది. నీళ్ల సీసాలకు కొనేవారుంటారు కాబట్టి అవి కర్మాగారానికి చేరతాయి. ప్లాస్టిక్, లోహపు పొరలు అతికించిన చిప్స్ ప్యాకెట్లను విడదీయడం కష్టం కాబట్టి వాటిని ఎవరూ ఏరరు, చివరకు అవే మురుగుకాలువలకు అడ్డుపడతాయి. తడి చెత్తలో నానిన అట్టపెట్టెకు ధర పడిపోతుంది. ఎన్ని టన్నులు ఎత్తామన్న లెక్కలో కనిపించని ఈ సంగతులు ఏరేవారికి నిత్యానుభవం. అలాగే హైదరాబాదు చెత్తను ఏళ్లతరబడి మోసిన జవహర్‌నగర్‌లో లీచేట్, అంటే కుళ్లిన చెత్త నుంచి ఊరే విషద్రవం, మల్కారం చెరువును పాడుచేసినప్పుడు ఆ బాధను అనుభవించినది పరిసర ప్రజలే.

కేంద్ర నియమాలు కాలానుగుణంగా మారుతుంటాయి గనుక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ పురపాలక చట్టాలలోనే ఈ మండలిని నెలకొల్పి, సభ్యులలో కనీసం మూడోవంతు చెత్త ఏరేవారు, పారిశుద్ధ్య కార్మికులు, యార్డుల పరిసరవాసులు ఉండేలా చూడాలి. పనిదినం కోల్పోయి వచ్చేవారికి భత్యం చెల్లించాలి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2021లో రీసైక్లింగ్ చట్టాన్ని సంస్కరించినప్పుడు సలహా మండలిని ఆ చట్టంలోనే పొందుపరచింది. సలహాను పాటించే నిర్ణయం ప్రభుత్వానిదే కావచ్చు. తిరస్కరిస్తే మాత్రం అరవై రోజుల్లో కారణాన్ని రాతపూర్వకంగా తెలిపి, సమావేశ వివరాలతోపాటు తెలుగులో ప్రకటించాలి.

అంతవరకు వార్డు కమిటీలు, కార్మిక సంఘాలు ఈ కోర్కెతో తీర్మానాలు చేసి పురపాలక శాఖకు పంపాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మండలి సభ్యుల జాబితాను, సమీక్షా నివేదికలను అడిగి తీసుకోవాలి.