పాత సైకిలే, కానీ నా కొలతది

ఇంట్లో ఎవరికీ అక్కర్లేని వస్తువు చివరికి ఎవరి దగ్గరికి చేరుతుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. అబ్బాయి కొత్త ఫోను కొనుక్కుంటే పాత ఫోను అమ్మకి. అమ్మాయికి నచ్చని స్వెట్టరు అమ్మకి. రాత్రి మిగిలిన కూర మర్నాడు మధ్యాహ్నం అమ్మకి. ఇవేవీ మనమీద ఎవరో రుద్దినవి కావు. "పారేయడం ఎందుకు, నేను వాడుకుంటాలే" అని మనమే చెయ్యి చాపుతాం.

ఈసారి నేను కూడా పాత వస్తువు గురించే రాస్తున్నాను. కానీ అది నాకు మిగిలింది కాదు, నేను వెతికి కొనుక్కున్నది. ఈ రెండింటికీ చాలా తేడా ఉందనేదే నా మాట.

కొన్నది సైకిలు. నలభై ఆరేళ్ళ వయసులో, జీవితంలో మొదటి సైకిలు. మా పుట్టింట్లో సైకిలు లేక కాదు, ఉంది. అది అన్నయ్యది. "ఆడపిల్లకి సైకిలెందుకే, పడి కాలో చెయ్యో విరిగితే రేపు ఎవడు చేసుకుంటాడు" అనేది మా నాన్నమ్మ. బస్సెక్కి కాలేజీకి వెళ్ళి బి.ఏ. తెలుగు చదివాను, పెళ్ళయింది, డాలస్ వచ్చాం, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఈలోగా నా నడుము, మోకాళ్ళు కూడా పెద్దవయ్యాయి. రోజూ కాస్త వ్యాయామం తప్పదని డాక్టరుగారు చెప్పినప్పుడు, సైకిలు నేర్చుకుంటానన్నాను. "గరాజ్‌లో మనవాడి పాత సైకిలు ఖాళీగానే ఉందిగా" అన్నారు మావారు. చూశారా, మళ్ళీ అదే!

ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ సైకిలు ఆరడుగుల కుర్రాడి కొలతది. నేను ఐదడుగుల రెండంగుళాలు. అది ఎక్కాలంటే వంగాలి, చేతులమీద బరువు మోపాలి, అన్నిటికంటే ముందు పడకుండా నిలబడడం నేర్చుకోవాలి. అందుకు నా శరీరం సర్దుకోవాలి. ఇరవై రెండేళ్ళ కాపురంలో సర్దుకోవడం నాకు బాగానే అలవాటైంది, కానీ నా వెన్నెముక మాత్రం ఇంక ఒప్పుకోవట్లేదు.

ఇక్కడి వైట్ రాక్ చెరువు చుట్టూ నడిచే దారిలో నేను చాలాసార్లు చూసిన బండి ఒకటుంది. మన పడక్కుర్చీకి చక్రాలు పెట్టినట్టుంటుంది. వీపు ఆనించి, కాళ్ళు ముందుకి చాపి తొక్కుతారు. దాన్ని రికంబెంట్ సైకిల్ అంటారు. రెండు చక్రాలవి ఉన్నాయి, మూడు చక్రాలవీ ఉన్నాయి. బరువంతా పిరుదులూ వీపూ పంచుకుంటాయి కాబట్టి మణికట్లకీ మెడకీ శ్రమ ఉండదు.

"అది ముసలివాళ్ళదీ, సైకిలంటే అలా ఉండదు" అని మా వాళ్ళు నవ్వారు. అప్పుడు దాని చరిత్ర చదివాను. 1933లో పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఆయన ఇలాంటి సైకిలు మీద గంటలో 45 కిలోమీటర్లు దాటాడు. 1914 నుంచీ నిలిచి ఉన్న గంట రికార్డు దాంతో పడిపోయింది. ఫోర్ అప్పటి మేటి పందెగాళ్ళలో ఒకడేం కాదు. పడుకున్నట్టు కూర్చుంటే గాలి అడ్డు తగ్గుతుంది, అదీ రహస్యం. మరుసటి ఏడు, 1934లో, అంతర్జాతీయ సైక్లింగు సంఘం సైకిలంటే ఎలా ఉండాలో నిబంధనలు రాసి దీన్ని పందేల నుంచి తప్పించేసింది. ఓడిపోయినందుకు కాదు, గెలిచినందుకు! ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటాం కదా. ఆ ఉలిపికట్టె దారి ఒక్కోసారి మంచి దారే అవుతుంది.

ఇక డబ్బు సంగతి. కాస్త మంచి కంపెనీ మూడు చక్రాల బండి కొత్తది కొనాలంటే రెండు మూడు వేల డాలర్లు పెట్టాలి. సంపాదన లేని ఇల్లాలు అంత పెట్టి తనకోసం ఒక బండి కొంటే ఏమవుతుందో మీకు తెలుసు. ఎవరూ ఏమీ అనరు. కానీ వారం రోజులు తొక్కకపోతే "అంత పెట్టి కొన్నాం..." అని ఒక మాట వినిపిస్తుంది. వినిపించకపోయినా మనకే వినిపిస్తుంది! వ్యాయామం కాస్తా అప్పు తీర్చడంలా తయారవుతుంది.

పాతదానికి ఆ బాధ లేదు. నేను ఆరువందల యాభై డాలర్లకి కొన్నాను. గీత పడితే పడుతుంది. నిదానంగా నేర్చుకోవచ్చు. సరిపడకపోతే ఇంచుమించు అదే ధరకి అమ్మేయొచ్చు, ఎందుకంటే తగ్గాల్సిన ధర మొదటి యజమాని చేతిలోనే తగ్గిపోయింది. మొదటిసారి ఎక్కేవాళ్ళకి పాతదే మేలని నేననేది పొదుపు కోసమే కాదు, ఈ నిశ్చింత కోసం.

అయితే చవగ్గా వచ్చిందని ఏది పడితే అది కొనకూడదు. చీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూస్తామా లేదా? ఇదీ అంతే. సైకిలు తెలియనివాళ్ళు రెండు చక్రాల రికంబెంట్ జోలికి పోకపోవడం మంచిది, కాళ్ళు ముందుకి చాపి ఉండడంవల్ల కదిలించడమే కష్టం. మూడు చక్రాలదానికి ఆ తిప్పలు లేవు. అందులోనూ ముందు రెండు చక్రాలుండే రకం బాగా నేలకి దగ్గరగా ఉంటుంది. కూర్చోవడం సుఖమే, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి లేవడమే కష్టం. వెనక రెండు చక్రాలుండే రకాల్లో సీటు కుర్చీ ఎత్తున ఉండేవి దొరుకుతాయి. నేను తీసుకున్నది అలాంటిదే.

ఈ బండ్ల గొలుసు మామూలు సైకిలు గొలుసుకి రెండు మూడు రెట్లు పొడుగుంటుంది. సాగిపోయి ఉంటే మార్చడానికి ఖర్చూ ఎక్కువే. గొలుసు, అది నడిచే చిన్న కప్పీలు, సీటు గుడ్డ, ఫ్రేము అతుకులు పగటి వెలుగులో చూడాలి. బ్రేకు నొక్కి తోసి చూడాలి. పెడల్‌కి పాదం పట్టీలు ఉండాలి, పాదం జారి కిందపడితే బండి కిందికి లాగేసే ప్రమాదముంది. కార్లవాళ్ళకి కనబడేలా వెనక పొడుగాటి జెండా ఉండాలి.

దీనికి లోపాల్లేవని అనను. ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కలేం, చిన్న గేరులో నెమ్మదిగా ఎక్కాల్సిందే. మూడు చక్రాలున్నాయి కదాని మలుపులో వేగంగా తిప్పితే ఒరిగిపోతుంది. బరువు ఇరవై కిలోల దాకా ఉంటుంది, కారులో పెట్టాలంటే ఇంకో చెయ్యి కావాలి. మావారి చెయ్యి అందుకు పనికొస్తోంది లెండి.

"పాతది కొన్నావా? కొడుకు పాతది వద్దని?" అని ఒక వదినగారు అడిగారు. అవును, సరిగ్గా అదే. మన చేతికి వచ్చినదాంట్లో మన ఇష్టం లేదు, మనం ఎంచుకున్నదాంట్లో ఉంది. వాడింది వేసుకోవడం చిన్నతనం కాదు, మన కొలత ఎవరూ అడక్కపోవడం చిన్నతనం.

మీలో ఎవరైనా ఇలాంటిది కొనాలనుకుంటే, బండి చూడ్డానికి వెళ్ళేముందు ఇంట్లో ఒక పని చెయ్యండి. గోడకి వీపు ఆనించి నేలమీద కూర్చుని, కాళ్ళు బారజాపి, గోడ నుంచి అరికాలి దాకా టేపుతో కొలిపించుకోండి. రికంబెంట్ సైకిలు మనకి సరిపోతుందో లేదో చెప్పే కొలత అదే. టేపు పట్టుకోడానికి ఇంట్లోవాళ్ళని పిలవండి, ఫరవాలేదు. కాగితం మీద ఆ అంకె రాసుకుని, అమ్మేవాళ్ళని ముందు అదే అడగండి. ధర తరవాత.